పదమూడో ఫారం

ఆదివారం మధ్యాహ్నం, పుస్తకాల కొట్టు ముందు గది. సాయంత్రం నవల వినడానికి వచ్చేవాళ్ళ కోసం కోడలూ మామగారూ కుర్చీలు వేస్తున్నారు. కొట్టు నడిపేది ఆమె. చదివి వినిపించేది ఆయన, ఒకప్పుడు బైండింగు పని చేసిన మనిషి. చేతులు కుర్చీల మీద ఉన్నాయే గానీ ఇద్దరి ధ్యాసా వాటి మీద లేదు.

"అచ్చాఫీసు తప్పమ్మా అది. పుస్తకం కుట్టేటప్పుడు ఒక్కోసారి ఒక ఫారం జారిపోతుంది. పదహారు పేజీల మడత, జారడానికెంతసేపు? ఇన్నేళ్ళు ఆ పనిలో ఉన్నాను, నాకు తెలీదా?"

"ఒక పుస్తకంలో జారిందంటే నమ్ముతాను మామయ్యా. ఆరు పుస్తకాల్లోనూ అదే ఫారం జారిందంటే?"

"ఆరా?"

"ఆరు. కంపౌండరుగారు పొద్దున తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది ఒకటి. అరలో ఉన్నవి అయిదు. కూర్చుని అన్నీ తిరగేశాను. నూట తొంభై రెండో పేజీ, దాని పక్కనే రెండు వందల తొమ్మిది. పదమూడో ఫారం ఏ ఒక్కదాంట్లోనూ లేదు."

"ఒకే కట్టలో వచ్చినవి కదా, కట్ట కట్టంతా అలాగే వచ్చుంటుంది. రేపు వాళ్ళకి ఫోన్ చేసి దులిపేస్తాలే. ఆ కుర్చీ వెనక్కి వెయ్యి, దాని కాలు ఊగుతుంది. పోస్టుమాస్టరుగారు కూర్చున్నారంటే ఇంకేమన్నా ఉందా."

"కుర్చీ సంగతి తరవాత. కంపౌండరుగారు ఏమన్నారో ముందు వినండి."

"ఆయన దేనికైనా ఏదో ఒకటంటాడు. మందు సీసాల మీద రాసింది తప్ప ఏనాడైనా ఏమైనా చదివాడా?"

"చదివారు, అందుకే వచ్చారు. 'అమ్మా, మీ మామగారు చదివినప్పుడు నవల్లో పడవావిడని వదిలి వెళ్ళిన మొగుడు తిరిగి ఇంటికొచ్చాడు. తరవాతి వారం ఇంటి పైకప్పు బాగుచేశాడు. పోయిన వారం పడవకి రంగు కూడా వేశాడు. ఇంటి దగ్గర ఇంకోసారి చదువుకుందామని కొంటే, పుస్తకంలో అసలా మనిషే లేడు. ఎటు పోయాడు?' అని. నన్ను నిలదీసి అడుగుతుంటే ఏం చెప్పను?"

"ఎటు పోతాడు, ఆ జారిపోయిన ఫారంలో ఉంటాడు."

"ఫారంలో పైకప్పెక్కిన మనిషి తరవాతైనా కిందికి దిగాలి కదా మామయ్యా. రెండు వందల తొమ్మిది నుంచి ఆఖరి పేజీ దాకా వెతికాను. ఎక్కడా లేడు. ఆవిడొక్కతే పడవ నడుపుకుంటోంది. పైకప్పు కారుతూనే ఉంది."

"చదివేటప్పుడు కొంచెం కల్పించి చెప్పడం నాకలవాటు. నీకు తెలియంది కాదు. ఉన్నదున్నట్టు చదివితే వెనక వరసలో గురక మొదలవుతుంది."

"కొంచెమా?"

"కొంచెమే."

"చచ్చి గీపెట్టినా పుస్తకంలో దొరకని మనిషికి పైకప్పు అప్పజెప్పి, రంగు డబ్బా చేతికిచ్చి, పోయిన వారం దగ్గు కూడా తగ్గించారు. ఇది కొంచెమా?"

"దగ్గు సంగతి నేను చెప్పలేదు. అది కుట్టుమిషను అమ్మాయి అడిగింది, తగ్గిందా అని. తగ్గిందన్నాను. కాదంటే ఊరుకుంటుందా?"

"సరే, దగ్గు ఆవిడ ఖాతాలో వేద్దాం. ఇటు చూడండి, ఈ పుస్తకం వెన్ను. అట్ట కొంచెం విప్పాను."

"అయ్యో, ఎందుకు విప్పావు? జిగురు ఇంకా..."

"ఇంకా?"

"ఏం లేదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో."

"నెత్తి మీదుంది. పెట్టుకుని చూడండి. అచ్చాఫీసు వాళ్ళది మిషను కుట్టు. ఇది చేతికుట్టు. మైనం రాసిన దారం. మడత చివర దారాన్ని వెనక్కి తిప్పి, లోపలికి లాగి, ముడి కనపడకుండా వేశారు. ఇలా ఎవరు వేస్తారు మామయ్యా ఈ ఊళ్ళో?"

"వేసేవాళ్ళుంటారు."

"నేను కొత్తగా కాపరానికొచ్చినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ ముడి నేర్పించింది ఎవరు?"

"నేర్పించిన పాపం నాది."

"పేజీలు లాగి చింపేసి ఉంటే నిజంగానే అచ్చాఫీసు వాళ్ళని తిట్టి ఊరుకునేదాన్ని. కట్టు విప్పి, ఫారం తీసి, మిగతాది మళ్ళీ కుట్టి, జిగురు పెట్టి, బరువు పెట్టి ఆరబెట్టి, ఆరింటికీ అంత శ్రద్ధగా చేశారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మరీ ఇంత బాగా అతికిస్తే దొరక్కేం చేస్తారు?"

"చింపడానికి చెయ్యి రాలేదమ్మా. పుస్తకం కదా."

"అంటే మీరే."

"నేనే."

"ఎప్పుడు?"

"నువ్వు చిన్నదాన్ని తీసుకుని బడి ఆటల పోటీలకి వెళ్ళావే, ఆ రోజు."

"ఎందుకు?"

"ఆ నాలుగు కుర్చీలూ కూడా లోపల్నుంచి తెస్తాను. ఇవాళ ఆఖరి భాగం కదా, జనం ఎక్కువ వస్తారు."

"మామయ్యా, ఎందుకని అడుగుతున్నాను."

"ఆ పేజీలు బాగా లేవు. నీరసంగా ఉన్నాయి. ఒట్టి వర్ణన. అందుకని."

"నీరసంగా ఉంటే గబగబా చదివేస్తారు, లేకపోతే పుస్తకమే మార్చేస్తారు. ఇదివరకు మార్చలేదా? ఆ దొంగ కథల పుస్తకం సగంలో ఆపేసినప్పుడు ఎవరేమన్నారు?"

"అది వేరు. దీన్ని మార్చనిస్తారా? వీధిలో పట్టుకుని అడుగుతున్నారు, తరవాతేమైంది, తరవాతేమైంది అని. ఇనప సామాన్ల కొట్టాయన మేకులు తూస్తూ అడిగాడు. మార్చడానికి లేకుండా పోయింది."

"చదివేది మార్చుకున్నారు, సరే. అమ్మకానికి పెట్టినవాటిని కొయ్యడం దేనికి?"

"నువ్వు చదువుతావని."

"నేనా?"

"నువ్వు ఏ పుస్తకం పట్టుకున్నా ఆఖరి నుంచి మొదలుపెడతావు. ఎంత చెప్పినా వినవు."

"అంటే ఊరి కోసం కాదు. నాకోసం కోశారన్నమాట."

"అలా అని కాదు."

"మరెలా? మీకు ఒక్క ముక్క చెబుతాను వినండి. ఈ కొట్టు మూసేద్దామని తాళం కూడా చేతిలో పట్టుకున్న రోజున ఆదివారం చదువు పెడదామన్నది మీరు. అది నిలబడ్డాక శనివారం పిల్లల బొమ్మల గంట పెట్టాం, నెలకోసారి పాత పుస్తకాల మార్పిడి పెట్టాం. ఇవాళ ఈ వీధిలో కూరలకొచ్చినవాళ్ళు కూడా మన గుమ్మంలో ఒక కాలు పెట్టి వెళ్తున్నారంటే అందుకే. మనం చెప్పిన పుస్తకం కొంటారు, మనం చదివింది నమ్ముతారు. అలాంటిది పుస్తకాలమ్మేవాళ్ళే పుస్తకం కోశారని బయటికొస్తే రేపు మన ముఖం ఎవరు చూస్తారు?"

"తెలియనివ్వకపోతే సరి."

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది. కంపౌండరుకి తెలిసిందంటే ఊళ్ళో ప్రతి జ్వరానికీ తెలిసినట్టే."

"వదినా, ఉన్నారా లోపల?"

"రావమ్మా, రా. కుట్టుమిషను అమ్మాయి వచ్చింది, కుర్చీ చూపించు."

"కూర్చోను బాబాయిగారూ, ఇంకా రెండు జాకెట్లు హుక్స్ కుట్టాలి. ముందు వరసలో నా కుర్చీ మీద ఈ టవలు వేసి పోదామని వచ్చాను. పోయిన వారం ఆ బేకరీ అమ్మాయి నా చోట్లో కూర్చుని కదిలితే ఒట్టు. వదినా, ఈ పక్క కుర్చీ కూడా పట్టిపెట్టండి."

"అదెవరికి?"

"ఎవరికంటే... అనుకోకండి వదినా. నిన్న మార్పిడి బల్ల దగ్గర మేమంతా అనుకున్నాం. పడవావిడ మొగుడే తిరిగొచ్చాడు, మన అన్నయ్యకి మాత్రం ఏం? ఎవరో ఒకరు ఒక మాట చెప్పి రమ్మనాలి గానీ. పోస్టుమాస్టరుగారు అన్నయ్య పాత నంబరుకి ఫోన్ చేశారు కూడా."

"ఎవరు చెయ్యమన్నారు?"

"బాబాయిగారూ..."

"ఎవరు చెయ్యమన్నారమ్మా? ఎవరైనా ఎత్తారా? ఏం చెప్పారు? ఎత్తినవాళ్ళు ఏం చెప్పారు?"

"ఎవరూ ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయిందట. అంత కోపం దేనికి బాబాయిగారూ, మంచికే కదా?"

"కోపం కాదమ్మా. మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం. ఆయనకి చెప్పు, మళ్ళీ చెయ్యొద్దని. ఎవర్నీ చెయ్యొద్దను."

"చెప్తానండి. టవలు ఇక్కడే ఉంది వదినా. మీరేమీ మనసులో పెట్టుకోకండి."

"పెట్టుకోను. నువ్వు వెళ్ళి హుక్స్ కుట్టుకో."

"వెళ్ళిపోయిందా?"

"వెళ్ళింది. చూశారా మామయ్యా, ఎక్కడి దాకా తెచ్చారో? నా మొగుడికి ముందు వరసలో కుర్చీ వేశారు ఊళ్ళోవాళ్ళు. టవలేసి మరీ."

"నేను వెయ్యమన్లేదు."

"వెయ్యమనక్కర్లేదు. ఎందుకు కోశారో ఇప్పుడు నేను చెబుతాను, వినండి."

"వద్దమ్మా."

"మీ అబ్బాయి కోసం."

"ఊఁ."

"ఊఁ అంటే? అవునా కాదా?"

"వాడి కోసమే అనుకో."

"అనుకునేదేముంది, కనపడుతూనే ఉంది. ఆ ఆదివారం మీరేం చదివారో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. బయట వాన. తలుపు చప్పుడు. ఆమె దీపం పట్టుకుని వెళ్ళి గొళ్ళెం తీసింది. 'నిలబడ్డావేం, లోపలికి రా, తడుస్తున్నావు' అంది. అంతే. ఒక్క తిట్టు లేదు, ఎక్కడికి పోయావని లేదు. మీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గదిలో ఉన్న తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను బల్ల దగ్గర రసీదులు సర్దుకుంటున్నట్టు నటించాను."

"చూశాను."

"చూస్తూనే చదివారు."

"చూడకుండా ఎలా చదువుతానమ్మా, ఎదురుగా ఉన్నావు."

"ఆ మర్నాటి నుంచీ మొదలు. బేకరీ అమ్మాయి రొట్టె కడుతూ 'అక్కా, క్షమించడంలో ఉన్న సుఖం' అంటుంది. దానికి పెళ్ళే కాలేదు. ఇనప కొట్టాయన అయితే గొళ్ళెం బిగుసుకుపోతే నూనె వెయ్యాలన్నాడు నన్ను చూసి. ఇంట్లో చిన్నది. పడుకునే ముందు రోజూ అదే అడుగుతోంది. 'పడవాయన వచ్చాడు కదమ్మా, మరి నాన్న?' అని."

"చిన్నది అడుగుతోందా?"

"రోజూ. మీ ముందు అడగదు. తాతయ్య బాధపడతాడట."

"దేవుడా."

"ఇప్పుడు దేవుణ్ణి పిలిచి లాభమేముంది? చేతులు కాలాక. ఇంకొకటి కూడా అడుగుతాను, నిజం చెప్పండి. ఆ మధ్య ఎవరో లెక్చరరుగారి ఇంట్లో పాత పుస్తకాలు అమ్ముతున్నారని రెండు రోజులు ఊరెళ్ళారు. ఒక్క పుస్తకం తేలేదు. మీరు వెళ్ళింది పుస్తకాల కోసం కాదు కదూ?"

"కాదు."

"మీ అబ్బాయి దగ్గరికి."

"వాడి దగ్గరికే."

"నాకు తెలుసు. వచ్చిన రోజు మీ ముఖం చూసే అనుకున్నాను. తేలు కుట్టిన దొంగలా స్నానం చేసి పడుకున్నారు. ఎలా ఉన్నాడు?"

"చిక్కిపోయాడు."

"నా గురించి ఏమైనా అడిగాడా?"

"అడగలేదమ్మా."

"అడగడు. చిన్నదాని గురించి?"

"ఏమీ అడగలేదు. నేనే చెప్పాను. చిన్నదానికి పళ్ళు ఊడి కొత్తవి వచ్చాయని, బొమ్మలు బాగా వేస్తోందని, నువ్వు కొట్టుని నిలబెట్టావని. అన్నీ చెప్పాను. పక్కనే కూర్చుని చాలాసేపు చెప్పాను."

"విని ఊరుకున్నాడా?"

"ఊరుకున్నాడు."

"అంతే. ఆ మనిషి ఎప్పుడూ అంతే. మనం మొత్తుకుంటూ ఉంటే గోడకి చెప్పినట్టే ఉంటుంది. వెళ్ళేరోజు మాత్రం నోరు తెరిచాడు. 'ఈ కాగితాల వాసనకి నాకు ఊపిరాడటం లేదు' అన్నాడు. గుర్తుందా? మీరు ఆ గుమ్మంలోనే ఉన్నారు. కాగితాల వాసన కొట్టుకే కాదు మామయ్యా, నా చీరలకీ ఉంటుంది, నా చేతులకీ ఉంటుంది. నన్నే అన్నాడని నాకు తెలుసు."

"నన్నన్నాడమ్మా. చిన్నప్పుడు బడికి పోనని ఏడిస్తే జిగురు గిన్నె పక్కన కూర్చోబెట్టేవాణ్ణి. అప్పటి నుంచీ వాడికి ఈ వాసన పడదు. నిన్నేమీ అనలేదు. నీ మీద కోపం ఉన్నవాడు కాదు."

"ఇప్పుడు వెనకేసుకొస్తున్నారు."

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?"

"మా అన్నయ్య మొన్న కూడా ఫోన్ చేశాడు. మీకు చెప్పలేదు. 'ఏం చూసుకుని ఆ ఇంట్లో పడి ఉన్నావు, మొగుడొస్తాడనా? చిన్నదాన్ని తీసుకుని వచ్చెయ్, ఇక్కడ రెండు గదులు ఖాళీగా ఉన్నాయి' అని."

"నువ్వేమన్నావు?"

"మామయ్య ఉన్నాడన్నాను."

"అలా అనకమ్మా."

"ఏం, అనకూడదా?"

"అనొచ్చు. ఇవాళ అనకు."

"కళ్ళు తుడుచుకోండి, ఎవరైనా వస్తారు. మిమ్మల్ని ఏడిపించాలని కాదు నేనీ గొడవంతా పెట్టుకుంది. కోపం వచ్చిన మాట నిజం. పొద్దున ఆ కుట్టు చూసినప్పుడు ఒళ్ళు మండిపోయింది. నలుగురి ముందు నన్ను కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పారు కదా అని. అడగాలనుకుంటే వంటింట్లోకొచ్చి అడగొచ్చు కదా, 'అమ్మా, వాడొస్తానంటున్నాడు, రానిస్తావా' అని? దానికి ఊరంతా కావాలా, నవల కావాలా?"

"అడగడానికి నోరు రాలేదు."

"నాకు తెలుసు. అందుకే కోపం ఎంతోసేపు నిలవలేదు. ఇంకో మాట చెబుతాను, నవ్వకండి. ఆ ఆదివారం రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన వెళ్ళిన రోజు నుంచీ తిరిగొస్తే ఏమేం తిట్టాలో అన్నీ వరసగా పేర్చిపెట్టుకున్నాను. గిన్నెలు తోముతూ ఒకటి, కొట్టు ఊడుస్తూ ఒకటి. ఆ రాత్రి ఒక్కసారి మళ్ళీ గుర్తు చేసుకుందామంటే ఒక్కటీ తిన్నగా రాలేదు. 'లోపలికి రా, తడుస్తున్నావు' అన్నదొక్కటే వస్తోంది. అది కూడా మీ గొంతుతో."

"అమ్మాయ్..."

"చెప్పనివ్వండి. పడవావిడ తీసింది కాబట్టి నేనూ తీస్తానని కాదు. అంత వెర్రిదాన్ని కాను. ఆ మాట మీరు నా వైపే చూస్తూ చదివారు. అప్పుడనిపించింది, ఈ ముసలాయన ఏమీ అడక్కుండా ఇన్నాళ్ళు నా పక్కన నిలబడ్డాడు. కొడుకుని తిట్టిపోస్తుంటే తల వంచుకుని విన్నాడు. ఈయనకి కావలసింది ఇదొక్కటే అయితే, నేను గొళ్ళెం తీస్తే నా సొమ్మేం పోయింది? చిన్నదానికి నాన్న ఉంటాడు. మీకు కొడుకుంటాడు. నాకా, నా సంగతి మెల్లిగా చూసుకుంటాను. రమ్మనండి."

"వద్దమ్మా."

"వద్దా?"

"అలా అనొద్దు. నువ్వు తిట్టు. వాణ్ణి తిట్టు, నన్ను తిట్టు. ఇలా మాత్రం అనొద్దు."

"మీకేమైంది మామయ్యా? ఇన్నాళ్ళూ తాపత్రయపడింది ఇందుకోసం కాదూ? నేను సరేనన్నాక వద్దంటారేంటి? ఫోన్ తియ్యండి. నా ముందే చెయ్యండి. టవలు వేసిన కుర్చీ ఉండనే ఉంది, ఇవాళ కాకపోతే వచ్చే ఆదివారం వచ్చి కూర్చుంటాడు."

"ఇప్పుడు కాదమ్మా. అయిపోనీ. చదువు అయిపోనీ, అప్పుడు మాట్లాడుకుందాం."

"చదువు ఎలా అవుతుంది? పుస్తకంలో లేని మనిషిని తెచ్చి ఇంట్లో పెట్టారు. ఇవాళ ఆఖరి భాగం. ఆయన్ని ఏం చేస్తారు? ఇంకా ఏం బాగుచేయిస్తారు? చాలు. ఇవాళ నేను లేచి అందరికీ చెబుతాను, మేం ఫారం తీసేశాం, తప్పయింది, ఆ పదహారు పేజీలూ ఇవాళ ఉన్నదున్నట్టు చదువుతాం అని. ఎవరేమన్నా పడతాం. కొట్టు మీద నమ్మకం మిగలాలంటే అదొక్కటే దారి. ఆ ఫారాలు పారెయ్యలేదు కదా?"

"ఎలా పారేస్తాను."

"ఎక్కడున్నాయి?"

"జిగురు డబ్బాల బీరువాలో. పాత అట్టల కింద."

"నేను తెస్తాను. మీరు చదవకపోతే నేను చదువుతాను."

"ఆగమ్మా. ఆగు. అందులో నువ్వు చదవాల్సిందేమీ లేదు."

"నాకేం భయం లేదు మామయ్యా. రాసినాయన పడవావిడ చేత తలుపు తీయించలేదు, అంతేగా? వాకిట్లోంచే పొమ్మంది. అందుకే తరవాత పుస్తకమంతా ఆమె ఒంటరిగా ఉంది. అది చదివితే నేనూ పొమ్మంటానేమోనని మీ భయం. రాసినాయన తీయిస్తేనేం, తీయించకపోతేనేం? నేను తీస్తానని చెప్పాను కదా. మీరు కూర్చోండి."

"తీయలేదని నీకెవరు చెప్పారు?"

"మరి తీసిందా?"

"తీసింది. నేను చదివినట్టే. బయట వాన, తలుపు చప్పుడు, దీపం. అందులో ఒక్క అక్షరం నాది కాదు."

"మరింకేం! అది అలాగే చదివి, ఆ ఫారం కోసెయ్యడం దేనికి? కలిసి ఉన్నారని రాయలేదా? మళ్ళీ వెళ్ళిపోయాడా?"

"పోస్టుమాస్టరుగారు వస్తున్నట్టున్నారు, కర్ర చప్పుడవుతోంది."

"రానివ్వండి. ఇటు చూసి చెప్పండి. తలుపు తీసింది. తరవాత?"

"తీస్తే గుమ్మంలో ఉన్నది ఆమె మొగుడు కాదమ్మా, అతను పోయాడని చెప్పడానికొచ్చిన మనిషి. నువ్వు చిన్నదాన్ని బడిలో దింపడానికి వెళ్ళిన ఒక రోజు పొద్దున అలాంటి మనిషే ఈ గుమ్మంలోకి వచ్చాడు, నేను తీశాను, ఆ మాట నీకు చెప్పకుండా ఆ పేజీ నీ ఎదురుగా ఎలా చదవను?"